స్టెరాయిడు లేపనము: ప్రయోగము, ఉపసంహారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చి గాని, గ్రంథాలయోద్యమమును గూర్చి గాని ప్రసంగించుట వాడుక. నేను దురదకు రాయు లేపనమును గూర్చి ప్రసంగింప నెంచితిని. ఇది కొందఱికి వింతగ తోపవచ్చును. కాని యోచింపుడు. ఇరువదియైదు సంవత్సరములుగ ఈ గ్రంథాలయము మనకు చదువునం దభిరుచి కల్పించినది. భారతమును చదివితిమి, వార్తాపత్రికలను చదివితిమి. మన యింటి గూటిలో, అద్దము ప్రక్కన, దువ్వెనతోపాటు పడియుండు చిన్న ట్యూబుమీది వ్రాతను మాత్రము చదివినవారు మనలో మిక్కిలి తక్కువ. చదువకపోవుటవలన ఒంటికి నష్టము కలిగించు వ్రాత ఊరిలో నేదైన నున్నచో అది యిదియే.

నేను వైద్యుడను గాను. మా పెద్దలు కరణములు. 1984లో ఆ పదవులు రద్దైనను, లెక్క వ్రాయు నలవాటు మా యింట నిలిచినది. నేటికిని ఊరి జమాఖర్చులు వ్రాయుచునే యున్నాను. కావున వైద్యులు పరిశోధించి ప్రకటించిన సంగతులను లెక్కలవాని వరుసలో, అంకెలతో, మీ ముందుంచుటయే నా పని. ఎవరి శరీరమునకు ఏ మందు తగునో నిర్ణయించుట వైద్యుని పని.

మన మూత్రపిండములమీద టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. అవి స్రవించు రసములలో కొన్ని, శరీరమున పుట్టు వాపును మంటను అదుపులో నుంచును. ఆ జాతి రసములను గుర్తించి, రసాయనశాలలలో తయారుచేయ నేర్చినందున మనకు ఈ స్టెరాయిడు మందులు లభించినవి. 1948లో అమెరికాలోని మేయో వైద్యాలయమున ఈ జాతి మందును కీళ్లవాతరోగికి తొలుత నిచ్చిరి. ఈ రసములపై చేసిన కృషికి కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అను వైద్యులు ఈ జాతి మందును చర్మముపై పూసి, కలిగిన మేలును ప్రకటించిరి. ఎగ్జిమాతో రాత్రులు నిద్రలేక గోకికొను రోగులకు ఆనాటినుండి ఒక దారి దొరికినది. కనుక ఈ మందును దూషించుటకు నేనిచట నిలువలేదు. విషమైనను యుక్తితో వాడిన ఔషధ మగుననియు, ఔషధమైనను యుక్తి తప్పిన విష మగుననియు చరకసంహిత యెన్నడో చెప్పినది. ఆ యుక్తి యేమో తెలిసికొనుటయే నేటి విషయము.

మొదట ఈ మందు చేయు పనిని గుర్తెఱుగవలెను. చర్మమునకు గిట్టనిది తగిలినప్పుడు అచటికి రక్తము పరుగెత్తును. ఎఱుపు, వాపు, మంట, దురద పుట్టును. స్టెరాయిడు ఆ పొంగును అణచును. దానికి కారణమైన వస్తువును తొలగించు శక్తి దానికి లేదు. 1950వ దశకమున పూణె ప్రాంతములో కానవచ్చి, పిదప దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ మొక్క మన పొలముగట్లనే యున్నది. దాని పుప్పొడి, ఎండిన ఆకుపొడి పడనివారికి ముఖము, మెడ, మోచేతి మడతలు పొక్కిపోవును. తాపీపనివారికి సిమెంటు, గృహిణులకు బట్టలసబ్బు, కొందఱికి జుట్టురంగు, కొందఱికి గిల్టునగ, మఱికొందఱికి నల్లజీడి రసము పడదు. వయ్యారిభామను చేతితో పెఱికి, సాయంకాలము లేపనము రాచుకొని, మరునాడు మరల పెఱుక బోయిన ఆ మందు ఏమి చేయగలదు? చేతికి తొడుగు, ఒంటినిండ బట్ట, పని ముగియగనే నీళ్లతో కడుగుకొనుట: ఇవి మొదటి మందులు. లేపనము రెండవది.

రెండవది, ఈ మందు పనికిరాని చోట్లు. తామర శిలీంధ్రమువలన వచ్చును. గజ్జి కంటికి కనరాని పురుగువలన వచ్చును. చీముపొక్కులు సూక్ష్మజీవులవలన వచ్చును. ఈ శత్రువులను ఎదిరించుటకు శరీరము చేయు పోరాటమే ఎఱుపు, వాపు. స్టెరాయిడు ఆ పోరాటమును ఆపును. కాపలాకుక్కను కట్టివేసి దొంగకు తలుపు తీసినట్లగును.

వరికోతలకు పోవు కూలీ యొకడు అనుకొందము. చెమట, తడిబట్ట వలన గజ్జలయందు తామర పుట్టినది. దుకాణమున "దురదమందు" అడిగినాడు. ఇచ్చిన ట్యూబులో స్టెరాయిడు కలిసియున్నది. రెండు దినములలో దురద అణగినది. మంచిమందని మెచ్చుకొన్నాడు. మానగనే మరల వచ్చినది, ఈ మాఱు తొడలవఱకు ప్రాకినది. మరల రాచినాడు. కొంతకాలమునకు గుండ్రని యంచులు చెరగి, చూచినవారికి అది తామరయని తెలియనంతగ రూపు మాఱినది. ఇట్లు వేషము మార్చుకొన్న తామరను 1968లోనే ఇంగ్లండు వైద్యులు వర్ణించియుండిరి. ఇంతలో ఒకే తువాలు వాడుటవలన భార్యకును బిడ్డకును అంటినది. ఆ యిల్లు ఖర్చు చేసిన ధనమెల్ల రోగమును పెంచుటకే చెల్లినది. తామరకు శిలీంధ్రమును చంపు మందు వేఱుగ నున్నది. అది దురదను తక్షణము ఆపదు, కాని మూలమును తీయును. వైద్యుడు చెప్పినన్ని దినములు విడువక వాడవలెను.

స్పర్శ తెలియని మచ్చను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. మచ్చమీద గిల్లినను, తాకినను తెలియకున్న ఏ లేపనమును రాయక ఆశా కార్యకర్తకు గాని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గాని తెలుపుడు. అది కుష్ఠురోగపు తొలిచిహ్నము కావచ్చును. ప్రభుత్వ వైద్యశాలలలో దానికి మందు ఉచితము. సకాలమున వాడిన పూర్తిగ నయమగును.

ముఖము తెల్లబడుటకు ఈ లేపనము రాచుకొనుట మఱియొక దుర్వినియోగము. పెండ్లికూతుండ్రు, కళాశాల విద్యార్థులు దీని పాలబడుచున్నారు. 2011లో ప్రకటితమైన యొక పరిశీలనయందు మన దేశపు 12 కేంద్రములలో ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2926 మందిని విచారింపగ, వారిలో 433 మంది ముఖమునకు స్టెరాయిడు లేపనము రాయుచున్నట్లు తేలినది. అనగా ఏడుగురిలో ఒకరు. రాచిన కొలది దినములలో ముఖము నున్నబడి, తెల్లబడినట్లు కనబడును. ఆ తెలుపులో కొంత రక్తనాళములు ముడుచుకొనుటచేత వచ్చినది. నెలలు గడచిన కొలది చర్మము పలుచనై, ఎఱ్ఱని సన్ననాళములు వలవలె పైకి తేలును. మొటిమలు లేచును, కొందఱికి వెండ్రుకలు మొలచును. ఎండ సోకినంతనే మంట పుట్టును. అమ్మలారా, మన బిడ్డల రంగునకు వంక పెట్టువారికి బుద్ధి చెప్పుడు. బిడ్డ ముఖమునకు మందు పూయకుడు.

ఇక, వైద్యుడు పరీక్షించి ఈ మందునే వ్రాసియిచ్చినప్పుడు వాడు విధము. మా లెక్కలవారికి పద్దు వ్రాయుటకు గళ్లు కావలెను. ఈ మందునకు నాలుగు గళ్లు గీయుదము: బలము, చోటు, కొలత, గడువు.

బలము. స్టెరాయిడు లేపనములన్నియు సమానము కావు. హైడ్రోకార్టిజోను మృదువైనది. క్లోబెటాసోన్ మధ్యమము. బెటామెథసోన్ వాలరేటు, మొమెటసోన్ తీక్ష్ణములు. క్లోబెటసాల్ అతితీక్ష్ణము. ఇచట అంకెలను చూచి మోసపోరాదు. హైడ్రోకార్టిజోను ట్యూబుపై 1 శాతమని యుండును. క్లోబెటసాల్ ట్యూబుపై 0.05 శాతమని యుండును. మా లెక్క ప్రకారము మొదటిది రెండవదానికి 20 రెట్లు. మందు లెక్క ప్రకారము 0.05 శాతము క్లోబెటసాలే ఎన్నో రెట్లు బలమైనది. కావున శాతమును గాక పేరును చదువవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకు? స్వల్పమైన దురదకు మృదువైన మందే చాలును. చర్మము దళసరియై బెరడుకట్టిన పాతవ్యాధికి వైద్యుడు తీక్ష్ణమైనది వ్రాయవచ్చును.

చోటు. ఒకే మందు ఒంటిమీద అన్నిచోట్ల సమముగ ఇంకదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూచిరి. వారి లెక్కను రూపాయలలో చెప్పెదను. ముంజేతియందు ఒక రూపాయి ఇంకినచో, అరికాలియందు ఇంకునది 14 పైసలు. అరచేతియందు 83 పైసలు. నుదుట 6 రూపాయలు. దవడ మూలయందు 13 రూపాయలు. వృషణముల చర్మమునందు 42 రూపాయలు! ఈ యొక్క పట్టికను గుర్తుంచుకొన్న చాలును. అరికాలి పగుళ్లకు ఇచ్చిన బలమైన లేపనమును ముఖమునకో, గజ్జలకో రాయుట ఎంతటి సాహసమో బోధపడును. కనురెప్పలమీద, కంటి చుట్టును వైద్యుని యాజ్ఞ లేక ఎన్నడును రాయరాదు. దీర్ఘకాలము అట్లు చేసిన కంటిలోపలి యొత్తిడి పెరుగుటకును, శుక్లములు వచ్చుటకును అవకాశము కలదు. రాచినచోట గట్టిగ కట్టుకట్టుట, ప్లాస్టిక్ కాగితము చుట్టుట కూడ ఇంకుడును పెంచును. పసిబిడ్డకు డైపరు తొడిగిన చోట కూడ ఇట్లే జరుగును. పైగ బిడ్డ బరువుతో పోల్చిన చర్మము వైశాల్యము పెద్దవారికన్న హెచ్చు. కావున బిడ్డ శరీరములోనికి పోవు మందు పాలును హెచ్చు.

కొలత. "కొంచెము రాయుడు" అన్న మాట లెక్కలవానికి నచ్చదు. వైద్యులు దీనికొక చక్కని కొలమానము ఏర్పఱచిరి. పెద్దవారి చూపుడువ్రేలి కొననుండి మొదటి కణుపు గీతవఱకు, ట్యూబునుండి మందును గీతవలె పిండవలెను. అది సుమారు అర గ్రాము. వ్రేళ్లతో కూడిన రెండు అరచేతులంత చోటునకు అది చాలును. పెద్దవారికి ముఖము, మెడ కలిపి రెండున్నర కొలతలు. ఒక హస్తమునకు ఇరుప్రక్కల కలిపి ఒకటి, ఒక చేతికి మూడు, ఒక పాదమునకు రెండు, ఒక కాలికి ఆరు. రొమ్ము, పొట్ట కలిపి ఏడు. వీపు, పిరుదులు కలిపి ఏడు. పిల్లలకు వయస్సునుబట్టి వైద్యుడు తగ్గించి చెప్పును. వ్యాధి యున్నంత మేరయే, పలుచని పొరగ, రోజునకు ఒకటి లేక రెండుసార్లు చెప్పినట్లు రాయవలెను. రాచిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను. వ్యాధి చేతిమీదనే యున్న కడుగరాదు. చర్మము పొడిబారకుండ వాజిలిను వంటి మెత్తబఱచు పదార్థమును కొంత వ్యవధి విడిచి రాయవచ్చును. దానికి గడువు లేదు.

గడువు. నాలుగు గళ్లలో మనము ఖాళీగ విడుచునది యిది. మృదువైన లేపనమైనను వైద్యుని సలహా లేక 7 దినములు మించరాదు. క్లోబెటసాల్ వంటి అతితీక్ష్ణమైనదానిని వరుసగ 2 వారములు మించి, వారమునకు 50 గ్రాములు మించి వాడరాదని దాని తయారీదారుల సూచనాపత్రములే చెప్పుచున్నవి. ఇప్పుడొక లెక్క చూడుడు. 15 గ్రాముల ట్యూబులో సుమారు 30 వ్రేలికొలతలు ఉండును. రెండు అరచేతులంత చోటునకు రోజున కొకసారి రాచిన 14 దినములకు 7 గ్రాములు ఖర్చగును. సగమునకు పైగ మిగులును. ఆ మిగులే అపాయము. అది గూటికి చేరును. మూడు నెలల పిమ్మట పిల్లవానికి మోకాలిపై ఏదో పొక్కిన, ఆ మిగులు బయటికి వచ్చును. పొరుగింటివారు అడిగిన వారికిని ఇత్తుము. ఎవరి వ్యాధికో వ్రాసిన మందు ఎవరి ఒంటికో చేరును.

నిలువక, కొలువక, నెలల తరబడి రాచిన ఏమి జరుగును? చర్మము పలుచనగును. తొడలమీద, చంకలయందు చారలు పడును. ఆ చారలు ఇక పోవు. మందు అధికముగ ఒంటికి పట్టిన, మూత్రపిండములమీది గ్రంథులు తమ పని మానివేయును. సంపాదించు కొడుకు అప్పుమీద బ్రదుకుటకు అలవాటుపడి సోమరియైనట్లు. ఆ మీదట జబ్బుగాని, శస్త్రచికిత్సగాని వచ్చినప్పుడు శరీరమునకు కావలసిన రసము లోపల పుట్టదు. పిల్లలయందు ఎదుగుదల కుంటుపడుటకును అవకాశము కలదు.

భారతమునందలి సౌప్తికపర్వము మీలో ననేకులు చదివియుందురు. అశ్వత్థామయు అర్జునుడును మహాస్త్రములను ప్రయోగించిరి. లోకము దగ్ధమగునని మునులు అడ్డుపడినప్పుడు అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు ప్రయోగము తెలియును గాని ఉపసంహారము తెలియదు. ఆ యజ్ఞానముయొక్క ఫలము గర్భస్థ శిశువుపై పడెను. మన గూటిలోని ట్యూబు విషయమున మనమందఱము అశ్వత్థామలమే. మూత తీసి రాచుట తెలియును. ఎప్పుడు ఆపవలెనో, ఎట్లు ఆపవలెనో తెలియదు.

ఆపుటకు రెండు మార్గములు. చెప్పిన ఒకటి రెండు వారములలో చర్మము నెమ్మదించినచో, అంతటితో మానవచ్చును. నెమ్మదింపక పోయినను ఆగి, వైద్యునికి మరల చూపవలెను. రోగనిర్ణయమే వేఱు కావచ్చును. నెలలుగ, ముఖ్యముగ ముఖమునకు, రాచుచున్నవారి సంగతి వేఱు. మానగనే ఎఱుపు, మంట పూర్వముకన్న హెచ్చి, "మందు లేనిదే బ్రదుకలేను" అను భ్రమ కలుగును. దానికి లోనై మరల రాచిన ఆ చక్రమునుండి బయటపడుట కష్టము. అట్టివారు స్వయముగ మానుటకును, స్వయముగ కొనసాగించుటకును పూనుకొనక చర్మవైద్యుని యొద్దకు పోవలెను. బలము తగ్గించియో, దినములు ఎడము చేసియో, వేఱు మందు నిచ్చియో వారు దారి చూపుదురు.

ఇదంతయు విని ఈ మందనిన భయపడి పారిపోవలదు. అదియు నష్టమే. ఎగ్జిమా గల బిడ్డకు వైద్యుడు వ్రాసిన లేపనమును తల్లి భయముచే సగము రాచి మానివేయును. బిడ్డ రాత్రియంతయు గోకును, నిద్ర చెడును, గోటిగాట్లలో చీము చేరును. చెప్పిన బలము, చెప్పిన చోటు, చెప్పిన కొలత, చెప్పిన గడువు పాటించినచో ఈ మందు పెక్కుమందికి నిరపాయముగ మేలు చేయును. మాటిమాటికి తిరుగబెట్టు వ్యాధులకు వారమునకు రెండు దినములు మాత్రమే రాయు పద్ధతిని కూడ వైద్యులు అనుసరింతురు. భయము వలదు, చనువును వలదు.

ప్రభుత్వమువారు తమ పని కొంత చేసిరి. 2018లో 14 రకముల స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీమీదనే అమ్మవలెనని నిబంధనలను సవరించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ ఔషధములలో, క్లోబెటసాల్‌ను శిలీంధ్ర, సూక్ష్మజీవ సంహారులతో ఒకే ట్యూబులో కలిపిన లేపనములును కలవు. నిబంధన కాగితముమీద నిలిచియుండును. దుకాణము ముందు నిలిచియుండువారము మనము. "పోయినసారి ఇచ్చినదే యిమ్ము" అని మనము అడుగుట మానిన గాని ఆ నిబంధన ఫలింపదు.

ఇక గ్రంథాలయమునకు దీనితో నేమి పని యందురా? ట్యూబుపై పేర్లు ఆంగ్లమున, చీమతలకాయలంత యక్షరములలో నుండును. చదువుటకు సాయము కావలెను. పేరు చివర "సోన్", "సోలోన్", "సాల్" అని యున్నచో అది స్టెరాయిడు కావచ్చునని అనుమానించి, అడిగి తెలిసికొనవలెను. అన్ని పేర్లకును ఈ గుర్తు వర్తింపదు. కనుక సందేహమున్నప్పుడు వైద్యునికే చూపవలెను. తయారైన తేదీ, చెల్లు తేదీ చూడవలెను. ఈ సభాముఖమున నాదొక విన్నపము. మన పఠనమందిరమున పత్రికల బల్లకు ఒక భూతద్దమును దారముతో కట్టి యుంచుడు. ఉన్నతపాఠశాల విద్యార్థులు ఆదివారము ఒక గంటసేపు కూర్చుండి, ఊరివారు తెచ్చిన ట్యూబులమీది పేరు, శాతము, తేదీ చదివి, తెలుగున ఒక చీటీపై వ్రాసియిత్తురు గాక. మందు మంచిదో చెడ్డదో వారు చెప్పనక్కఱలేదు. ఆ చీటీతో ఆరోగ్యకేంద్రమునకు పోయిన చాలును. భూతద్దమును నేను తెచ్చితిని. కార్యదర్శిగారికి ఇప్పుడే యప్పగించుచున్నాను.

ఈ గ్రంథాలయమున పుస్తకము తీసికొన్నవారి పేరు, తీసికొన్న తేదీ, తిరిగి యిచ్చు గడువు చిట్టాలో వ్రాయుదురు. ఇరువదియైదేండ్లుగ ఆ క్రమము తప్పనందుననే అలమారలు నిండుగ నున్నవి. మీ యింటి లేపనపు ట్యూబుపై కూడ ఈ మూడును వ్రాయుడు: ఎవరికి ఇచ్చినది, ఏ తేదీన మొదలిడినది, ఏ తేదీన ఆపవలసినది. పుస్తకమును పదిమంది చేతులు మాఱనిండు. ట్యూబును మాత్రము ఒక్క చేయి దాటనీయకుడు.